చిలకల షెడ్డుకు హీటరు

గల్ఫ్‌లో పాతికేళ్ళు ఎలక్ట్రీషియన్‌గా చేశానంటే అందరూ ఏసీల గురించే అడుగుతారు. అక్కడ నేనొక గదికి హీటరు బిగించాను, దాని గురించి చెబుతానంటే నవ్వుతారు. నవ్వండి, పరవాలేదు. బహ్రెయిన్‌లో డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా సముద్రం మీంచి ఉత్తరపు గాలి వీచిందంటే, ఎండాకాలమంతా మనల్ని వేపుకు తిన్న ఊరు ఇదేనా అనిపిస్తుంది. మంచు కురవదు, నీళ్ళు గడ్డకట్టవు. కానీ ఆ చలిలో తేమ ఉంటుంది. రేకుల కింద పడుకునేవాడిని అది రాత్రంతా నిద్రపోనివ్వదు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నేను గొప్పగా చెప్పుకునే కథలు వేరే ఉన్నాయి. ఫ్యాక్టరీలో కరెంటు పోతే ఇంజనీర్లు చేతులెత్తేసిన చోట నేను లోపం పట్టుకున్న కథ మా బంధువులకు పెళ్ళిళ్ళలో కంఠతా వచ్చేసింది. ఈ కథ మాత్రం మా ఆవిడకు ఒక్కదానికే చెప్పాను, అదీ సగం.

రెండు వేల అయిదు ప్రాంతం. అస్కర్‌లో అల్యూమినియం ఫ్యాక్టరీకి దగ్గర్లో మా క్యాంపు. మాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు కంపెనీ. దాని మేనేజరు ఆ దేశస్థుడే, పెద్దవాడు. మేమందరం ఆయన్ని 'బాబా' అనేవాళ్ళం. ఆయన ఎవర్నీ తిట్టిన మనిషి కాదు. అయినా ఆయన కారు గేటు దాటి లోపలికొస్తే నాకు చేతిలో టెస్టరు జారిపోయేది. ఆ భయం ఆయన పెట్టింది కాదు, మా గోదావరి జిల్లా నుంచి నేనే వెంట తెచ్చుకున్నాను.

ఒక బుధవారం ఆయన నన్ను ఆఫీసుకు పిలిచి, ఇంట్లో చిన్న పని ఉంది, చూసి రమ్మన్నాడు. నాలాంటి వాడికి అది సన్మానమే. అందరిలోకీ నన్ను పిలిచాడు కదా అని ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

బుదయ్య రోడ్డు వైపు ఖర్జూరం చెట్ల మధ్య ఆయన ఇల్లు. తోట చివర ఒక షెడ్డు. ప్లైవుడ్ గోడలు, పైన రేకు. మధ్యలో ప్లైవుడ్‌తోనే అడ్డుకట్టి రెండు గదులు చేశారు. ఒక గదిలో ఆయన ప్రాణంలా చూసుకునే చిలకలు. బూడిద రంగువి, తోక మాత్రం ఎర్రగా ఉంటుంది. అప్పుడే రెండు జతలు పిల్లల్ని చేశాయి, ఆ పిల్లలకు చలి తగలకూడదు. రెండో గదిలో నీళ్ళ గొట్టాలు, ఎరువు బస్తాలు, గడ్డి కోసే మిషను, వాటి మధ్య ఒక ఇనప మంచం. ఆ మంచం మీద మడత పెట్టిన దుప్పటి, దాని మీద దువ్వెన, అద్దం ముక్క. అది తోటమాలి గది.

తోటమాలి మనవాడే. జగిత్యాల వైపు మనిషి, నాకంటే నాలుగైదేళ్ళు చిన్న. నేను టేపు తీసి గోడలు కొలుస్తూ తెలుగులో అంకెలు గొణుక్కుంటుంటే విని, చేతిలో పార అక్కడే వదిలేసి పరుగున వచ్చాడు.

"నువ్వు తెలుగాయినవా అన్నా? మస్తు దినాలాయె ఎవలతోనన్న తెలుగుల మాట్లాడక. ఆగు, ఛాయ్ వెడ్త."

అతను నన్ను 'నువ్వు' అన్నాడు. వాళ్ళ వైపు సొంత అన్ననైనా అలాగే అంటారని, ఆ 'నువ్వు'లో ఉన్నంత ఆప్యాయత మా 'మీరు'లో ఉండదని ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు మనసులో ముల్లు గుచ్చుకుంది. సీనియర్ ఎలక్ట్రీషియన్‌ని, మేనేజరు ఏరికోరి పిలిపించిన మనిషిని, ఈ తోట పనివాడు నన్ను 'నువ్వు' అంటాడా అనుకున్నాను. అతని టీ మాత్రం తాగాను.

పని విషయంలో నేను అశ్రద్ధ చేసేవాణ్ణి కాదు. ఆ గదికి ఎలాంటి హీటరు పెట్టాలన్నది వారం రోజులు ఆలోచించాను. మా క్యాంపు గదిలో నా పక్క మంచం ఒక ఏసీ మెకానిక్కుది, పెషావర్ వైపు నుంచి వచ్చిన పెద్దాయన. వేడీ చల్లదనాల లెక్కలు ఆయనకు కొట్టిన పిండి. ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ వచ్చాం. ఎర్రగా కాలే కడ్డీల హీటరు వద్దు, ఈక ఎగిరి దాని మీద పడితే అంటుకుంటుంది. ఫ్యాన్ హీటరు వద్దు, దుమ్ము లేపుతుంది, గాలిని ఎండబెడుతుంది. కొన్ని హీటర్లకు లోపల ఏదో పూత ఉంటుంది, అది వేడెక్కితే వచ్చే ఆవిరి మనిషికి తెలియదు గానీ పిట్టలు చచ్చిపోతాయని ఆయనే చెప్పాడు. చివరికి నూనె నింపిన రేడియేటర్ తేలింది. మెల్లగా వేడెక్కుతుంది, ఎర్రబడదు, చప్పుడు చెయ్యదు, ఎంత వేడి కావాలో తిప్పి పెడితే అక్కడే నిలబెడుతుంది. పదిహేను వందల వాట్లు చాలు.

అప్పుడు ఆయన అడిగాడు. "భాయ్, ఉస్ షెడ్ మే ఆద్మీ భీ సోతా హై క్యా?"

ఆ షెడ్డులో మనిషి కూడా పడుకుంటాడా అని. నేను కాగితం మీంచి తల ఎత్తకుండానే, "నహీ, సిర్ఫ్ చిడియా" అన్నాను, పిట్టలు మాత్రమే అని. కావాలని అబద్ధమాడానా? అలాగని కూడా చెప్పలేను. నాకిచ్చిన పని చిలకల గది. నా కాగితం మీద ఆ గది పొడుగు, వెడల్పు, ఎత్తు ఉన్నాయి. పక్క గది ఆ లెక్కలో లేదు, అందులోని మనిషీ లేడు.

అక్కడ సెలవు రోజైన శుక్రవారం వెళ్ళి బిగించాను. ఇంటి వంటగది బోర్డు నుంచి తోట కింద పైపులో ఒక కేబులు షెడ్డుకు వస్తుంది, దాని మీదే పెట్టాను. బాబా వచ్చి హీటరు మీద చెయ్యి పెట్టి చూసి, "జైన్, జైన్" అన్నాడు. బాగుందన్న మాట. గోడకు థర్మామీటరు వేలాడదీసి, రోజూ పొద్దున్నే దాన్ని చూసి చెప్పే బాధ్యత తోటమాలికి అప్పగించాడు. ఇరవై నాలుగు డిగ్రీల కంటే తగ్గకూడదు.

వారం తిరక్కుండా ఫోనొచ్చింది. పొద్దుటికల్లా ఇరవై, పంతొమ్మిదికి పడిపోతోందట. నా లెక్క తప్పడమా? మళ్ళీ శుక్రవారం మా తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్‌లో ఆరాధన కూడా ఎగ్గొట్టి వెళ్ళాను. వెళ్ళి చూస్తే, మధ్య అడ్డు గోడకు పైన, రేకు కింద, జానెడు వెడల్పున పలక ఊడదీసి ఉంది. మేకులు జాగ్రత్తగా పీకి, పలకను మంచం కింద దాచాడు. వేడి పైకి లేచి అందులోంచి పక్క గదిలోకి పోతోంది.

తోటమాలి దొరికిపోయినట్టు నిలబడ్డాడు. "అన్నా, గా సందు ముయ్యకే. గా సందుల కెల్లి జర ఎచ్చగ అస్తది. పిట్టలకేం గాలే, నేను సూస్తనే ఉన్న."

లోపం పట్టుకున్నానన్న సంతోషం నాకు ఒళ్ళంతా పాకింది. సిగ్గుతో రాస్తున్నాను, అప్పుడు నాకు కలిగింది సంతోషమే. ఆ పలక మళ్ళీ బిగించడమే కాదు, అడ్డు గోడ మొత్తానికి థర్మోకోల్ పలకలు దిగ్గొట్టి, సందులన్నీ సిలికాన్‌తో పూడ్చేశాను. పైన చీకటిగా ఉందని పెద్ద హాలోజన్ లైటు పెట్టుకున్నాను. పిల్లలకు చలి తగలకూడదని హీటరు ఆపలేదు. అదే లైను మీద డ్రిల్లు కూడా నడిపాను. ఆ థర్మోకోల్ పలకలు ఒక్కణ్ణే పట్టుకోలేకపోతే, అవతలి చివర పట్టుకుని కదలకుండా నిలబడింది ఎవరనుకున్నారు? అతనే. నేను మేకు కొట్టిన ప్రతిసారీ, "జర పైకా అన్నా? కిందికా?" అని అడుగుతూ నిలబడ్డాడు.

అంతా అయ్యాక, సామాను సర్దుకుంటుంటే దగ్గరికొచ్చాడు.

"నా దిక్కు ఒక్క ప్లగ్గు ఇయ్యరాదే అన్నా. చిన్న హీటరు నేనే కొనుక్కుంట. బాబాకు నువ్వొక మాట జెప్తే ఒప్పుకుంటడు. నేను జెప్తే బాగుండది."

చిన్న హీటరంటే వెయ్యి వాట్లు. ఆ కేబులు మీద చిలకల హీటరుతో కలిపినా, లైట్లు కలిపినా, ఇంకా బోలెడంత మిగులుతుంది. పదో తరగతి పిల్లాడు కూడా ఆ కూడిక చెయ్యగలడు. నాకు లెక్క తెలుసు. తెలిసి, మొహం సీరియస్‌గా పెట్టి, "లేదు తమ్ముడూ, ఈ లైను మీద లోడ్ లేదు, ఇంక మోసే శక్తి దీనికి లేదు. ఇంకో హీటరు పెడితే కేబులు కాలిపోతుంది, నీ ప్రాణానికే ముప్పు" అన్నాను.

ఎందుకన్నాను? బాబా దగ్గరికి వెళ్ళి, మావాడికి కూడా ఒకటి పెట్టిద్దామా అని అడగాలంటే భయం. చిలకల పని మీద పిలిస్తే పనివాళ్ళ వకాల్తా పుచ్చుకున్నాడనుకుంటాడేమో అని. ఇంకోటి కూడా ఉంది. చనువిస్తే వీళ్ళు నెత్తికెక్కుతారన్న అహంకారం. ఆ 'నువ్వు' ఇంకా లోపల గుచ్చుకుంటూనే ఉంది. అతను మాత్రం డాక్టరు మాట విన్నట్టు తలూపాడు. "గట్లనా? అయితె ఒద్దులే అన్నా. కరెంటుతోని ఆటలొద్దు."

పలక ఊడదీసిన సంగతి బాబాకు చెప్పలేదు. వాడి ఉద్యోగం కాపాడానని దారంతా నన్ను నేనే మెచ్చుకుంటూ బస్సెక్కాను.

తర్వాత పది రోజులకు వాన పడింది. వాన వెనకే గాలి. క్యాంపులో మేమే రెండేసి దుప్పట్లు కప్పుకుని, సాక్సులు తొడుక్కుని పడుకున్నాం. మూడో రోజు పొద్దున్నే డ్యూటీకి బయల్దేరుతుంటే బాబా నుంచి ఫోన్. వెంటనే రమ్మని.

వెళ్ళేసరికి తోటమాలిని సల్మానియా ఆసుపత్రికి తీసుకెళ్ళిపోయారు. మేత వెయ్యలేదని చిలకలు గోల పెడుతుంటే ఇంటి డ్రైవరు వెళ్ళి చూశాడట. తలుపు లోపల గడియ. పిలిస్తే పలకలేదు. బద్దలు కొట్టి బయటికి లాగితే స్పృహ లేదు. మంచం కింద ఒక నూనె డబ్బా, దాంట్లో బొగ్గులు. తోటలో మాంసం కాల్చుకునే బొగ్గులే. బయట ముట్టించి, పొగ పోయేదాకా ఆగి, ఎర్రటి నిప్పులయ్యాక లోపల పెట్టుకున్నాడు. పొగ లేకపోతే ప్రమాదం లేదనుకున్నాడు, నిప్పుల్లోంచి వచ్చే విషవాయువుకు రంగూ వాసనా ఉండవని తెలియదు. తలుపు సందుల్లో పాత బట్టలు కుక్కాడు. పైన జానెడు సందు ఉండి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఉండనివ్వకుండా పూడ్చింది నేను.

ఆ డబ్బా కనపడినా, కొత్తగా కరెంటు పని జరిగిన షెడ్డు కదా, అందరూ ముందు కరెంటునే అనుమానించారు. నేను గబగబా చిలకల గదిలోకి వెళ్ళాను. హీటరు గోరువెచ్చగా పనిచేసుకుంటోంది. థర్మామీటరు ఇరవై నాలుగు. బయటికి వచ్చి అందరికీ వినపడేలా, "బిజిలీ మే కోయీ ఖరాబీ నహీ, బాబా" అన్నాను, కరెంటులో ఏ లోపమూ లేదని. ఒక మనిషి చావుబతుకుల్లో ఉన్నాడు, నా గుండె తేలికపడింది.

బాబా ఆ ఇనప మంచం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆయన ఆ గదిలోకి వచ్చి ఎన్నాళ్ళయిందో! తర్వాత నా వైపు తిరిగి, ఇతనికి కూడా ఒక హీటరు ఎందుకు పెట్టలేదు, అతను నిన్ను అడగలేదా అని హిందీలో అడిగాడు.

అడిగాడు, నేనే పెట్టలేదు, అని చెప్పే అవకాశం అది. నాకు దొరికిన ఒకే ఒక్క అవకాశం. నోరు తెరిస్తే మళ్ళీ అదే మాట వచ్చింది. "లోడ్ నహీ థా, బాబా."

"నాతో చెబితే కొత్త కేబులు వేయించేవాణ్ణి కదా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. అడగడానికి నేను అంత భయపడ్డ సంగతి అంత తేలిక.

తోటమాలికి మూడు రోజులు స్పృహ రాలేదు. ఆ శుక్రవారం మహూజ్‌లో, ఒక అపార్టుమెంటు హాల్లో మా తెలుగు ఫెలోషిప్ కూడింది. ప్రార్థన మనవులు చెప్పే సమయంలో నేను లేచాను. మన తెలుగు సహోదరుడొకడు బొగ్గుల కుంపటి పెట్టుకుని ప్రమాదంలో పడ్డాడు, అతని కోసం ప్రార్థించండి అన్నాను. యాభై మంది కళ్ళు మూసుకుని, కొందరు కన్నీళ్ళతో, ముక్కూ మొహం తెలియని ఆ మనిషి కోసం ప్రార్థించారు. అయ్యాక ఒక పెద్దాయన నా భుజం తట్టి, "అన్యుడైనా మన భారం అనుకున్నారు, దేవుడు మిమ్మల్ని దీవిస్తాడు బ్రదర్" అన్నాడు. నేను తల వంచుకున్నాను. వినయం అనుకుని ఉంటాడు.

క్యాంపులో మా ఏసీ మెకానిక్కుకు సంగతంతా తెలిసింది. ఆ షెడ్డులో మనిషి ఉన్నాడని ఇప్పుడు అందరికీ తెలుసు కదా. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. రోజూలాగే నాకూ టీ పోశాడు. కానీ అప్పట్నుంచి నేను ఆ క్యాంపు వదిలే దాకా, నన్ను ఏ లెక్కా అడగలేదు. నేను చెప్పబోయినా, "ఠీక్ హై భాయ్" అని మాట మార్చేసేవాడు.

నాలుగో రోజున తోటమాలి కళ్ళు తెరిచాడు. బాబా నన్ను కూడా వెంటబెట్టుకుని వెళ్ళాడు. మనిషి సగమయ్యాడు. కుడి చేతి వేళ్ళు వణుకుతున్నాయి, నీళ్ళ గ్లాసు నర్సు పట్టుకుంటే తాగాడు. బాబా మంచం పక్కన కూర్చుని, నువ్వు హీటరు అడిగావా, ఇతనేమన్నాడు అని నన్ను చూపిస్తూ అడిగాడు. అబద్ధం బయటపడితే నా వీసా సంగతి ఖలాస్.

తోటమాలి నా వైపు చూశాడు. వచ్చీరాని హిందీలో అన్నాడు. "బిజిలీవాలా సహీ బోలా బాబా. లోడ్ నహీ బోలా, ఆగ్ మత్ జలావ్ భీ బోలా. గల్తీ మేరా."

కరెంటతను సరిగ్గానే చెప్పాడు, లోడ్ లేదన్నాడు, నిప్పు పెట్టుకోవద్దని కూడా అన్నాడు, తప్పు నాదే అని. నిప్పు పెట్టుకోవద్దని నేను ఎప్పుడూ చెప్పలేదు. ఆ మాట నాకోసం అతను కలిపాడు. పాపం, జబ్బు మనిషి, ఏది ఎవరు చెప్పారో గుర్తులేక అంటున్నాడనుకున్నాను. అలా అనుకోవడం నాకు హాయిగా ఉంది కాబట్టి అనుకున్నాను.

చెయ్యి వణికే మనిషి తోట పని చెయ్యలేడు. చెప్పినా వినకుండా నిప్పు పెట్టుకున్నవాణ్ణి ఇంట్లో ఉంచుకోవడానికి బాబాకు ధైర్యం లేదు. నెల తిరక్కుండా ఇంటికి పంపేశారు. వచ్చి పద్నాలుగు నెలలే. ఊళ్ళో ఇల్లు కట్టుకుంటున్నానని, గోడలు లేచాయి, స్లాబు పడాలని మొదటి రోజు టీ పోస్తూ చెప్పాడు నాకు. నేను ఎయిర్‌పోర్టుకు వెళ్ళలేదు. ఆ రోజు ఓవర్‌టైం ఉందని చెప్పాను. అదీ అబద్ధమే.

తర్వాత నేను ఇంకా చాలా ఏళ్ళు చేశాను. ఫోర్‌మన్‌నయ్యాను. నా కింద పనిచేసే వాళ్ళెవరైనా "లోడ్ లేదు" అంటే, కొలిచావా అని విరుచుకుపడేవాణ్ణి. ముసలాడికి చాదస్తం అనుకునేవాళ్ళు. పిల్లలూ, మీకు చెప్పదలచుకున్నది ఇదే. మన పనిలో మనం చెప్పిన మాటను ఎదుటివాడు సరిచూసుకోలేడు. కుదరదు అంటే కుదరదనే నమ్ముతాడు. చెయ్యడం ఇష్టం లేకపోతే ఇష్టం లేదని చెప్పండి. కరెంటు మీద పెట్టకండి.

రిటైరై వచ్చిన రెండో చలికాలం, అతని ఊరు కనుక్కుని బయల్దేరాను. ఖాళీ చేతులతో వెళ్ళలేక, నూనె నింపిన రేడియేటర్ ఒకటి కొన్నాను. అదే పదిహేను వందల వాట్లది. రైల్లో అందరి కాళ్ళకూ తగులుతుంటే తిట్లు తింటూ, జగిత్యాలలో ఆటో ఎక్కించుకుని తీసుకెళ్ళాను. మా ఆవిడ వెళ్ళొద్దంది. పాత పుండు కెలికి ఆయన్నెందుకు బాధపెడతారు అంది. బాధ ఆయనకా నాకా అన్నది ఆవిడకు బాగా తెలుసు.

ఇల్లు గుర్తుపట్టడం కష్టం కాలేదు. గోడల మీద స్లాబు పడలేదు, రేకులు వేశారు. అతను అరుగు మీద కూర్చుని ఎడమ చేత్తో వేపపుల్ల నములుతున్నాడు. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు, అది ఇంకా వణుకుతోంది. నన్ను గుర్తుపట్టడానికి ఒక్క నిమిషం పట్టింది. "అన్నా! నువ్వా? ఇన్నేండ్లకు అచ్చినవా? ఏమే, ఛాయ్ వెట్టు, దుబాయిల మా అన్న అచ్చిండు" అని లోపలికి కేకేశాడు. వాళ్ళ వైపు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే.

టీ రాకముందే చెప్పేశాను. ఆగితే మళ్ళీ నీళ్ళు నములుతానని తెలుసు. "తమ్ముడూ, ఆ రోజు నేను అబద్ధం చెప్పాను. ఆ లైను మీద లోడ్ ఉంది."

అతను పుల్ల పక్కన పెట్టాడు. "ఎరుకే అన్నా" అన్నాడు.

ఎలా తెలుసని అడిగాను.

"గా దినం నువ్వు హీటరు బందు జెయ్యలే. గంత పెద్ద లైటు వెట్టినవ్, డ్రిల్లు తిప్పినవ్. గన్ని ఒక్క వైరు మీద నడిపినవ్. కాలలే గదా! నా పానం పోతదని నువ్వు జెప్పంగనే సూసిన, నీ లైటు ఇంకా ఎలుగుతనే ఉండె."

"మరి ఆసుపత్రిలో బాబాతో అలా ఎందుకన్నావు?"

"చెయ్యి జూసుకున్న గదా. నా నౌకరెట్లనో పోయింది. నీది గూడ ఎందుకు పోవాలె?"

నేను ఏడ్చాను. ఆ వయసులో, పరాయి వాళ్ళ అరుగు మీద, టీ గ్లాసు పట్టుకొచ్చిన అతని భార్య ముందు. ఆవిడ కంగారుపడి, ఏమైందని అతన్ని అడిగింది. "ఏం లే, పాత దోస్తులం" అన్నాడు. నన్ను క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు, అడిగే మొహం లేదు.

కాసేపటికి అతని చూపు అట్టపెట్టె మీద పడింది. దాని మీది బొమ్మ చూసి గుర్తుపట్టాడు. మూతి ఒక పక్కకు వంచి నవ్వాడు.

"తెచ్చినవ్ సరే. మా ఇంట్ల లోడ్ ఉన్నదా అన్నా?"

సంచిలోంచి మీటరు తీశాను. అది లేకుండా నేను ఇప్పటికీ ఎక్కడికీ వెళ్ళను. వాళ్ళ మెయిన్ బోర్డు మూత విప్పి, వైరు మందం చూసి, ఇంట్లో ఉన్న లైట్లూ ఫ్యాన్లూ అన్నీ వేయించి కొలిచాను. రెండోసారి కూడా కొలిచి, అప్పుడు చెప్పాను, ఉందని.